సాకెట్ ఒకటే (1155), అయినా ఐ7-3770 హెచ్‌పీ 8200లో డిస్‌ప్లే ఇవ్వట్లేదు. తిరిగి డెల్ 7010లో పెడితే సగం ర్యామ్ కనపడట్లేదు

పాతడబ్బా అడిగారు:

రెండు పాత డెస్క్‌టాప్‌ల మధ్య ప్రాసెసర్లు మార్చే పని. వివరాలు ఇవీ:

హెచ్‌పీ కంపాక్ 8200 ఎలైట్, చిన్న కేబినెట్ (ఎస్‌ఎఫ్‌ఎఫ్). ప్రాసెసర్ ఐ3-2120, ర్యామ్ 4 జీబీవి రెండు.
డెల్ ఆప్టిప్లెక్స్ 7010 మినీటవర్. ప్రాసెసర్ ఐ7-3770, ర్యామ్ 4 జీబీవి నాలుగు, మొత్తం 16.

వీడియో ఎడిటింగ్ హెచ్‌పీ మీద జరుగుతుంది, డెల్ మీద ట్యాలీ, బ్రౌజర్ తప్ప ఏమీ లేవు. అందుకే ఐ7ని హెచ్‌పీకి, ఐ3ని డెల్‌కి మార్చాను. ఐ3 డెల్‌లో వెంటనే లేచింది, 16 జీబీ కూడా చూపించింది. హెచ్‌పీలో ఐ7 పెడితే ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది, బీప్ లేదు, స్క్రీన్ నలుపు. సీమాస్ సెల్ (బోర్డు సెట్టింగులు నిలబెట్టే చిన్న బ్యాటరీ) తీసి పెట్టినా అంతే.

ఎక్కడివి అక్కడ పెట్టేశాను. హెచ్‌పీ మామూలుగా ఆన్ అయింది. డెల్ మాత్రం ఇప్పుడు 8 జీబీయే చూపిస్తోంది. ర్యామ్ స్టిక్కులు అటూ ఇటూ మార్చి చూశాను, నాలుగూ బాగానే ఉన్నాయి. 1, 3 స్లాట్లలో ఏది పెట్టినా పనిచేస్తుంది. 2, 4లో ఏది పెట్టినా కనపడదు.

రెండు ప్రశ్నలు. హెచ్‌పీలో ఐ7 ఎందుకు లేవట్లేదు, బయోస్ (ఆన్ చెయ్యగానే మెషిన్‌ని లేపే బోర్డు ప్రోగ్రాం) అప్‌డేట్ చేస్తే వస్తుందా? డెల్‌లో పోయింది ర్యామ్ స్లాట్లా, ప్రాసెసరా?

---

బెంచ్‌వర్క్ సమాధానం:

మొదటి ప్రశ్నకి: రాదండీ, ఏ బయోస్ వేసినా రాదు. ఆ ప్రయత్నం మానెయ్యండి.

1155 సాకెట్‌లో రెండు తరాలున్నాయి. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ (2000 సిరీస్, 32 నానోమీటర్లు), 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ (3000 సిరీస్, 22 నానోమీటర్లు). పిన్నులు, గాట్లు ఒకటే కాబట్టి ఏదైనా దేంట్లోనైనా కూర్చుంటుంది. లేవాలంటే మాత్రం ఇంకో రెండు కావాలి: బయోస్‌లో ఆ ప్రాసెసర్ మైక్రోకోడ్ (దాన్ని నడిపే చిన్న కోడ్) ఉండాలి, చిప్‌సెట్‌లోని (బోర్డు మీది ముఖ్యమైన కంట్రోల్ చిప్) మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ కూడా ఆ తరానిది అయ్యుండాలి. శాండీ బ్రిడ్జ్ కాలపు 6 సిరీస్ చిప్‌సెట్లు ఆ ఫర్మ్‌వేర్ వెర్షన్ 7తో వచ్చాయి. ఐవీ బ్రిడ్జ్‌కి వెర్షన్ 8 కావాలి.

హెచ్‌పీ 8200లో ఉన్నది 6 సిరీస్‌లోని క్యూ67. ఆఫీసు మెషిన్ల కోసం చేసిన క్యూ65, క్యూ67, బీ65 చిప్‌సెట్లకి ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ సపోర్టు ఇవ్వలేదు. హెచ్‌పీ కూడా 8200 బయోస్‌లో (జే01 సిరీస్) దాన్ని పెట్టలేదు. ఐవీ బ్రిడ్జ్ కావాలంటే తర్వాతి మోడల్ 8300 ఎలైట్, అంటే క్యూ77 చిప్‌సెట్, కే01 బయోస్. కే01 ఫైల్ తెచ్చి 8200లో వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, బోర్డు చచ్చిపోతుంది. డెల్ వైపూ ఇదే గీత: 790, 990 పాత తరానివి, 7010, 9010 కొత్త తరానివి. నాలుగింటిలోనూ 1155 సాకెట్టే కనుక చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

వెనక్కి వెళ్లడం, అంటే కొత్త బోర్డులో పాత తరం ప్రాసెసర్ పెట్టడం మాత్రం తేలిక. 7 సిరీస్ బోర్డులు (క్యూ77 లాంటివి) రెండు తరాలనీ తీసుకుంటాయి, అందుకే మీ ఐ3 డెల్‌లో లేచింది. కాకపోతే దాంతో 1600 ర్యామ్ 1333 మీద నడుస్తుంది, గ్రాఫిక్స్ స్లాటు పీసీఐఈ 3.0 నుంచి 2.0కి దిగుతుంది.

విడిగా కొన్న హెచ్61 బోర్డుల కథ వేరు. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లలో తెగ వాడిన ఇంటెల్ డీహెచ్61డబ్ల్యూడబ్ల్యూ లాంటివి 6 సిరీస్ అయినా, బయోస్ అప్‌డేట్ చేస్తే ఐవీ బ్రిడ్జ్ తీసుకుంటాయి. అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చెయ్యాలి. కొత్తది పెట్టాక స్క్రీనే రాదు కాబట్టి చెయ్యడానికి దారి ఉండదు.

రెండో ప్రశ్న సర్క్యూట్ సుబ్బు గారికి వదిలేస్తున్నా, సాకెట్ల పని ఆయనది.

---

సర్క్యూట్ సుబ్బు సమాధానం:

స్లాట్లు పోలేదు. మీరు స్టిక్కుల్ని మార్చి చూడ్డం మంచి పనైంది, సగం జవాబు అందులోనే ఉంది.

ఈ తరాల్లో మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ని నడిపే భాగం) బోర్డు మీద ఉండదు, ప్రాసెసర్ లోపలే ఉంటుంది. అక్కణ్నుంచి ర్యామ్‌కి రెండు ఛానెళ్లు, అంటే రెండు దారులు. 7010లో 1, 3 స్లాట్లు ఒక ఛానెల్. 2, 4 ఇంకోటి. ఒక్క స్లాటు పోతే దుమ్మో, స్లాటు పిన్నో అనుకోవచ్చు. ఒకే ఛానెల్‌లోని రెండూ కలిసి పోయాయంటే తేడా ప్రాసెసర్‌కీ సాకెట్‌కీ మధ్యలో ఉన్నట్టు. ఐ3 పెట్టినప్పుడు 16 చూపించింది కాబట్టి, ఐ7 రెండోసారి కూర్చోబెట్టినప్పుడే ఏదో అయింది.

ఈ వరసలోనే చూడండి, ముందు తేలికవి:

1. పవర్ కార్డు పీకి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు దిమ్మ) నాలుగు స్క్రూలనీ ఒక్కో చుట్టు వదులు చేసి, ఆన్ చేసి బయోస్‌లో ర్యామ్ ఎంతో చూడండి. 16 వచ్చిందంటే బిగింపులోనే తేడా. ఒక మూల పూర్తిగా బిగించేసి తర్వాత రెండో మూలకి వెళ్తే ప్రాసెసర్ ఒక పక్కకి ఒరిగి, అవతలి పక్క పిన్నులు సరిగ్గా తగలవు. ఎదురెదురు మూలలు తీసుకుని, ఒక్కోటీ రెండేసి చుట్ల చొప్పున బిగించాలి. బ్యాటరీ స్క్రూడ్రైవర్ వాడొద్దు. వదులుగా ఉంచి ఎక్కువసేపు నడపొద్దు, బయోస్ చూసి ఆపెయ్యండి.

2. రాకపోతే హీట్‌సింక్ తియ్యండి. తీసేముందు, స్క్రూలు మళ్లీ బిగించి, సిస్టమ్ ఓ ఐదు నిమిషాలు నడిస్తే మధ్యలో ఉన్న థర్మల్ పేస్టు మెత్తబడుతుంది. నిటారుగా లాగకుండా కొంచెం అటూ ఇటూ తిప్పి తియ్యండి. ప్రాసెసర్‌ని పట్టి ఉంచే సాకెట్ లివర్ ఎత్తకముందే ప్రాసెసర్ పైన ఉన్న పాత పేస్టంతా తుడిచెయ్యాలి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. లివర్ ఎత్తాక తుడిస్తే ఆ పేస్టు పోయి సాకెట్‌లో పడుతుంది.

3. ప్రాసెసర్ అంచులు పట్టుకుని నిటారుగా పైకెత్తండి. అడుగున బంగారు రంగు చుక్కల మీద పేస్టు గానీ వేలిముద్ర జిడ్డు గానీ ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడవండి. సాకెట్‌లోకి మాత్రం గుడ్డ, ఇయర్‌బడ్ ఏదీ పోనివ్వొద్దు. దూది పోగు పిన్నుకి చిక్కుకుని లాగితే దాన్ని వంచేస్తుంది.

4. సాకెట్‌ని ఫోన్ టార్చితో పక్కనుంచి, ఏటవాలుగా చూడండి. నాలుగు వైపుల నుంచీ చూడాలి. పిన్నుల కొసలన్నీ వరసగా ఒకేలా మెరవాలి. ఎక్కడైనా ఒక చుక్క చీకటిగా ఉన్నా, వరస తప్పి మెరిసినా అది వంగిన పిన్ను. ఫోటో తీసి జూమ్ చేస్తే కంటికంటే బాగా తెలుస్తుంది.

5. పిన్నులన్నీ బాగుంటే ఐ3 పెట్టి చూడండి. దాంతో 16 వచ్చి ఐ7తో 8 వస్తే ఐ7 అడుగున మురికి, లేదా దాని కంట్రోలర్ దెబ్బతింది. రెండింటితోనూ 8 వస్తే సాకెట్.

---

పాతడబ్బా:

ధన్యవాదాలు అండీ ఇద్దరికీ. స్క్రూలు వదులు చేసినా 8 జీబీయే. అడుగున శుభ్రంగానే ఉంది. ఐ3తోనూ ఇప్పుడు 8 జీబీయే. ఫోటో జూమ్ చేస్తే ర్యామ్ వైపు అంచు నుంచి మూడో వరసలో ఒక పిన్ను పక్కదాని మీదకి వాలినట్టు ఉంది. విరగలేదు. దీన్ని ఇంట్లో సరిచెయ్యొచ్చా?

---

సర్క్యూట్ సుబ్బు:

చెయ్యొచ్చు, ఒక్క పిన్నే కాబట్టి. ముందు చిన్న హెచ్చరిక: పక్కపిన్నుకి తగులుతూ ఉంటే, సరిచేసేదాకా మళ్లీ ఆన్ చెయ్యకండి. ప్రస్తుతానికి ర్యామ్ ఛానెల్‌తో పోయింది. అది పవర్ పిన్ను అయ్యుంటే ప్రాసెసరే పోయేది.

0.5 మెకానికల్ పెన్సిల్ తీసుకుని ములికి మొత్తం తీసెయ్యండి. ఖాళీ గొట్టం కొసని పిన్ను చివరకి తొడిగి, వంగిన దిశకి ఎదురుగా, వెంట్రుకవాసి కదపండి. ఆగి, ఫోటో తీసి, పక్క వరసతో పోల్చండి. చాలకపోతే మళ్లీ అంతే. ఒకేసారి ఎక్కువ నెట్టేస్తే తిరిగి వెనక్కి వంచాల్సి వస్తుంది, అలా రెండు మూడుసార్లు ఆడిస్తే రాగి అలిసి విరిగిపోతుంది. పెన్సిల్ లేకపోతే సన్నని కుట్టు సూది పక్కనుంచి ఆనించి నెట్టొచ్చు, కానీ సూది జారితే పక్కపిన్ను పోతుంది.

ఈ పిన్నులు నిటారుగా ఉండవన్నది గుర్తుంచుకోండి. అన్నీ ఒకే వైపు కొంచెం వాలి, కొస దగ్గర పైకి లేచి ఉంటాయి. మీ పని దాన్ని నిలబెట్టడం కాదు, పక్కవాటి వాలుకీ ఎత్తుకీ తేవడం. కొస అడ్డంగా సరిపోయినా ఎత్తు తక్కువైతే ప్రాసెసర్ అడుగుకి అందదు.

తిరిగి పెట్టేటప్పుడు ప్రాసెసర్ పక్కల ఉన్న రెండు గాట్లు సాకెట్ గట్లకి సరిపెట్టి, దానంతటది దిగేలా వదలండి, పైనుంచి వేలితో నొక్కి సరిచెయ్యొద్దు. లివర్ వేసేటప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, అది మామూలే. పేస్టు పెసరగింజ కంటే కొంచెం పెద్ద చుక్క మధ్యలో పెడితే చాలు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తనంతట తనే ఒకటి రెండుసార్లు ఆగి లేస్తే కంగారుపడకండి, ర్యామ్‌ని కొత్తగా సరిచూసుకుంటుంది.

ఒకవేళ పిన్ను విరిగితే? ర్యామ్‌కి సంబంధించిందే కాబట్టి 1, 3 స్లాట్లలో 8 జీబీ స్టిక్కులు రెండు పెట్టి 16 చేసుకోవచ్చు. సింగిల్ ఛానెల్‌లో నడుస్తుంది. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్ వేగం మీదే బతుకుతుంది కాబట్టి అది బాగా నెమ్మదిస్తుంది, ట్యాలీకి తేడా తెలియదు.

---

రీబూట్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ 8200 ఎలైటే. ఐ5-2400 తీసి ఐ3-2100 పెట్టాను, అది సపోర్టెడ్ లిస్టులో ఉంది. ఆన్ చేస్తే పవర్ లైటు ఎర్రగా 11 సార్లు మినుకుతోంది, కాస్త ఆగి మళ్లీ 11. ప్రాసెసర్ పోయినట్టా?

---

బెంచ్‌వర్క్:

పోలేదు బ్రో. 11 అంటే, ఇంతకుముందు బయోస్‌లో ఆన్ చేసి ఉన్న ఒక సదుపాయం ఇప్పుడున్న ప్రాసెసర్‌లో లేదని అర్థం. మామూలుగా అది టీఎక్స్‌టీ (ఇంటెల్ భద్రతా సదుపాయం). ఐ5-2400లో ఉంటుంది, ఐ3లో ఉండదు. కంపెనీల నుంచి లీజు అయిపోయి వచ్చిన మెషిన్లలో దీన్ని ఆన్ చేసి ఉంచడం మామూలే.

పాత ఐ5 పెట్టి, ఎఫ్10తో బయోస్‌లోకి వెళ్లి, సెక్యూరిటీ మెనూలో సిస్టమ్ సెక్యూరిటీ కింద టీఎక్స్‌టీ ఆఫ్ చేసి సేవ్ చెయ్. తర్వాత ఐ3 పెట్టు. ఐ5 అమ్మేసి ఉంటే, పవర్ కార్డు పీకి బోర్డు మీద సీమాస్ అని రాసి ఉన్న పసుపు బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకో.

ఈ మోడల్‌లో మినుకుల లెక్క తెలిస్తే చాలా పని తప్పుతుంది: 2 అంటే ప్రాసెసర్ వేడెక్కి ఆగింది, హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదు. 3 అంటే ప్రాసెసర్ లేదనుకుంటోంది, తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. 4 పవర్, 5 ర్యామ్, 6 గ్రాఫిక్స్. బీప్‌లు ఐదు విడతల తర్వాత ఆగిపోతాయి, లైటు మాత్రం మినుకుతూనే ఉంటుంది. అందుకే ఆలస్యంగా చూసినవాళ్లు బీప్ రాలేదంటారు.

---

పాతడబ్బా:

పిన్ను సరిపడింది, ఐ7తో 16 జీబీ చూపిస్తోంది. స్క్రూలు మూలమూలకీ చెప్పినట్టే బిగించాను. ఇప్పుడు హెచ్‌పీకి ఏం కొనాలి? ఐ7-2600 చాలా? సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) పాతవి దొరుకుతాయంటున్నారు.

---

బెంచ్‌వర్క్:

అంతకంటే తేలికైన దారి, ఎడిటింగ్‌ని డెల్ మీదకి మార్చడం. హార్డ్‌డిస్కులు మార్చుకుంటే సరిపోయేదానికి ప్రాసెసర్ కొనడం దండగ అని నా అభిప్రాయం. డెల్ మినీటవర్ కాబట్టి గాలి కూడా బాగా ఆడుతుంది. డిస్కులు మార్చేముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఆన్‌లో ఉంటే డిస్కు మొత్తం డిక్రిప్ట్ చెయ్యండి, లేకపోతే రికవరీ కీ అడుగుతుంది. విండోస్ యాక్టివేషన్ బోర్డుకి ముడిపడి ఉంటుంది. ప్రాసెసర్ మారిస్తే సాధారణంగా అడగదు, డిస్కు వేరే బోర్డుకి వెళ్తే అడగొచ్చు.

కొనాలనే అనుకుంటే ఐ7-2600 (3.4 గిగాహెర్ట్జ్, 8 త్రెడ్లు) లేదా ఐ5-2400 (3.1, 4 త్రెడ్లు). రెండూ 95 వాట్లు, మీ ఐ3 65 వాట్లు. అసలు చిక్కు ఇక్కడుంది. ఐ3తో వచ్చిన హీట్‌సింక్ ఆ చిన్న కేబినెట్‌లో 95 వాట్లకి చాలకపోవచ్చు. పెట్టాక వీడియో రెండరింగ్ పావుగంట నడిపి ఉష్ణోగ్రత చూడండి. 85 డిగ్రీలు దాటి పోతుంటే 95 వాట్ల మోడల్ హీట్‌సింక్ వెతకాలి, లేదా 65 వాట్ల ఐ5-2400ఎస్‌తో సరిపెట్టుకోవాలి. జియాన్ ఈ3-1230 (సర్వర్ల ప్రాసెసర్) చవకగా ఇస్తామంటే తీసుకోకండి, అందులో గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకుండా స్క్రీన్ రాదు.

కొట్లో చూడాల్సినవి: పైన ముద్రించిన కోడ్ ఐ7-2600కి ఎస్‌ఆర్00బీ, ఐ5-2400కి ఎస్‌ఆర్00క్యూ. ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ఉంటే అది టెస్టింగ్ శాంపిల్, హెచ్‌పీ బయోస్ గుర్తుపడుతుందన్న నమ్మకం లేదు. తిప్పి అడుగున మధ్యలో ఉన్న బుల్లి కెపాసిటర్లు అన్నీ ఉన్నాయేమో చూడండి, ఒక్కటి ఊడినా వద్దు. కొనే ముందే 8200 బయోస్ తాజా జే01కి అప్‌డేట్ చేసి పెట్టుకోండి, ఐ3 ఉండగానే. వీలైతే మెషిన్నే తీసుకెళ్లి, అక్కడే పెట్టించి, రెండు ర్యామ్ స్టిక్కులూ కనపడ్డాక డబ్బులివ్వండి.