సిగ్నల్ తెగిన జెట్ కారు: ఇంజిన్ ఆగితే చాలునా, బ్రేకు కూడా పడాలా?

కృష్ణలంక_విద్యార్థి:
చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మేము నలుగురం కలిసి ఒక రేడియో కంట్రోల్ కారుకు చిన్న టర్బైన్ జెట్ ఇంజిన్ అమర్చాము. ఇంజిన్ గరిష్ఠ థ్రస్టు, అంటే కారును ముందుకు నెట్టే బలం, 80 న్యూటన్లు, ఇంధనంతో కలిపి కారు బరువు 8 కిలోలు. చక్రాలకూ ఇంజిన్‌కూ ఏ సంబంధమూ లేదు. వెనక్కి దూసుకుపోయే వాయువే కారును ముందుకు నెడుతుంది. బెంచికి బిగించి నడిపినప్పుడు ఇంజిన్ నిలకడగానే పనిచేసింది. సిగ్నల్ తెగితే ఇంజిన్ పూర్తిగా ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టాము. వచ్చే నెల కళాశాల టెక్ ఫెస్ట్‌లో మైదానం మీద దీన్ని నడిపి చూపించాలి. ముందు చక్రాలకు బ్రేకులు కూడా అవసరమా?

పాత_రన్‌వే:
తప్పనిసరిగా అవసరం. మామూలు విద్యుత్ కారులో థ్రాటిల్ వదిలితే మోటారే చక్రాలను కొంతవరకు పట్టి ఆపుతుంది. మీ కారులో చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి కనుక, ఇంజిన్ ఆగిన తరువాత కూడా కారు తన వేగంతో తాను పోతూనే ఉంటుంది. మీ అంకెలనే తీసుకుంటే త్వరణం దాదాపు గురుత్వ త్వరణమంత ఉంటుంది, అంటే సుమారు 40 మీటర్ల దూరంలోనే కారు గంటకు 100 కిలోమీటర్ల వేగానికి చేరగలదు. ఆ వేగంలో అది సెకనుకు 28 మీటర్లు పోతుంది. సిగ్నల్ తెగిన వెంటనే కారులోని రిసీవరు ఫెయిల్‌సేఫ్‌కు మారదు. చివరి ఆదేశాన్నే పట్టుకుని కొద్దిసేపు చూస్తుంది. ఆ వ్యవధి ఒక్క సెకనే అనుకున్నా, మంచి బ్రేకులతో ఆగడానికి మరో 75 మీటర్లకు పైగా కావాలి. 400 మీటర్ల పరుగు ట్రాకులో తిన్నని భాగం 84 మీటర్ల పైచిలుకే ఉంటుంది. మీ మైదానం అంతకన్నా పెద్దదా?

నాలుగు_చక్రాలు:
బ్రేకుల మాట తరువాత చూద్దాము, అసలు పొరపాటు ఇంజిన్‌ను పూర్తిగా ఆపడంలోనే ఉంది. పూర్తి వేగంలో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ, 600 డిగ్రీలకు మించిన వాయువును వదులుతున్న ఇంజిన్‌ను ఒక్కసారిగా ఆపితే లోపలి వేడి బేరింగులకు పాకుతుంది. ఆ బేరింగులకు ఇంధనంలో కలిపిన ఐదు శాతం నూనె తప్ప వేరే ఆధారం లేదు. సిగ్నల్ తెగితే ఐడిల్‌కు, అంటే ఇంజిన్ ఆరిపోకుండా తిరిగే కనిష్ఠ వేగానికి, దిగడం చాలు. అంత ఖరీదైన ఇంజిన్‌ను ప్రతి చిన్న అంతరాయానికీ ఆర్పుకోవడం తెలివైన పని కాదు.

పాత_రన్‌వే:
ఇంధనం ఆగిన తరువాత ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్, స్టార్టర్ మోటారుతో రోటరును, అంటే ఇంజిన్ లోపల తిరిగే భాగాన్ని, తిప్పి చల్లబరుస్తుంది. ఆ ఏర్పాటు ఉన్నది మీరు చెప్పిన వేడి కోసమే. ఐడిల్‌లో ఉన్న టర్బైన్ కూడా కొంత థ్రస్టు ఇస్తూనే ఉంటుంది, కనుక పగ్గం లేని కారును అది నెడుతూనే ఉంటుంది. బేరింగు పోతే మరొకటి కొనవచ్చు.

నాలుగు_చక్రాలు:
ఆ స్టార్టరుకు కరెంటు ఇచ్చే బ్యాటరీ తీగ ఊడటం వల్లే సిగ్నల్ పోయిందనుకోండి, అప్పుడు చల్లబరిచేది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పి ముందుకు వెళ్లండి.

మచిలీపట్నం_గాలి:
మంటలు ఆర్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు దగ్గర ఉంచుకోండి, పొడి రకం వాడితే మంట ఆరినా ఇంజిన్ పాడవుతుంది. ఒకసారి అంటుకోక లోపల ఇంధనం నిలిచిపోతే, దాన్ని వంపేశాకే మళ్లీ స్టార్ట్ చేయండి.

పాత_రన్‌వే:
తీగ ఊడితే ఇంధన పంపు కూడా ఆగుతుంది, ఇంజిన్ ఆరిపోతుంది, వేడికి బేరింగు దెబ్బతినవచ్చు. దెబ్బతిననివ్వండి. నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కింద ఒక కళాశాలలో ఇలాంటి ప్రదర్శనకే నన్ను పిలిచారు. ముఖ్య అతిథి వచ్చేశారని, పరీక్ష పరుగు లేకుండానే కారును వదలమని నిర్వాహకులు తొందరపెట్టారు. కారు తాడును దాటుకుని జనంలోకి వెళ్లింది, నా మేనల్లుడి కాలు విరిగింది. వాడు నెలల తరబడి మంచం మీద ఉన్నా, నిర్వాహకులలో ఒక్కరూ వచ్చి పలకరించలేదు. మీరు మాత్రం బేరింగు ధర లెక్కపెడుతున్నారు.

నాలుగు_చక్రాలు:
మీ మేనల్లుడికి జరిగినది బాధాకరమే, కాదనను. కానీ ఏళ్లుగా ఈ వేదికలో ఎవరు కొత్త యంత్రం గురించి అడిగినా మీరు ఆ ఒక్క సంఘటననే ముందుకు తెచ్చి వారి చేతులు కట్టేస్తున్నారు. కిలోమీటరు పొడవైన కాంక్రీటు నేల ఉంటే తప్ప నడపకూడదంటే మన రెండు రాష్ట్రాలలో ఏ విద్యార్థీ ఏదీ తయారు చేయడు. నేను రెండేళ్లు ఒక ఖాళీ ఎయిర్‌స్ట్రిప్ కోసం అర్జీలు పెట్టుకున్నాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఫెస్ట్‌లో చూపిస్తామంటేనే కళాశాల మైదానమిస్తుంది, డబ్బూ ఇస్తుంది. జనం లేకపోతే ఈ కారే లేదు.

వేల్స్‌లో_తెలుగువాడు:
ఇక్కడి లాన్‌బెడర్ పాత సైనిక విమానాశ్రయంలో రేడియో కార్లకు వేగ పరీక్షలు జరుగుతుంటాయి. అలాంటి చోటు మీకు లేదన్నది నిజమే. అయితే అక్కడ కూడా చూసేవారిని కారు పోయే దారికి ఎదురుగా నిలబడనివ్వరు.

పాత_రన్‌వే:
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మన వాదం ఐడిల్ గురించీ కాదు, బ్రేకు గురించీ కాదు. స్థలం దొరకని లోటును మీరు చూడటానికి వచ్చిన పిల్లల మీద మోపుతున్నారు, అది సరికాదని నేనంటున్నాను. తయారు చేసినవాడికి ప్రమాదం తెలుసు, తెలిసే దగ్గర నిలబడతాడు. తాడు అవతల ఉన్నవారికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

నాలుగు_చక్రాలు:
స్థలం వచ్చేదాకా ఆగమంటే ఆ పిల్లలు చదువు ముగించుకుని ఉద్యోగాలకు వెళ్లిపోతారు, కారు స్టోర్‌రూములో ఉండిపోతుంది. ఆ నష్టం మీ లెక్కలోకి ఎన్నడూ రాలేదు.

కృష్ణలంక_విద్యార్థి:
ఇద్దరి మాటలూ చదివి మేము మళ్లీ లెక్క వేశాము. కంట్రోల్ యూనిట్‌లో గరిష్ఠ థ్రస్టును 20 న్యూటన్లకు పరిమితం చేస్తే, 40 మీటర్ల పరుగులో వేగం గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ 40 మీటర్లకు బ్రేకులు పట్టాక 20 మీటర్లు, సిగ్నల్ ఆలస్యానికి 14 మీటర్లు కలిపినా మొత్తం 75 మీటర్లు దాటదు. ముందు చక్రాలకు బ్రేకులు అమరుస్తాము, సిగ్నల్ తెగితే ఇంజిన్ ఆగడం, బ్రేకు పడడం రెండూ జరిగేలా చూస్తాము. ట్యాంకులో కూడా అరనిమిషానికి సరిపడే ఇంధనమే పోస్తాము.

పాత_రన్‌వే:
లెక్క బాగుంది. అయితే అది కారు తిన్నగా పోయినప్పటి లెక్క. ఒక్క చక్రానికి గులకరాయి తగిలితే కారు పక్కకు తిరుగుతుంది, కనుక ట్రాకు చివరనే కాక ఇరువైపులా కూడా ఖాళీ కావాలి. రోటరు తిరిగే తలానికి సూటిగా ఎవరినీ నిలబెట్టకండి, అది పగిలితే ముక్కలు అటే వస్తాయి. ఫెస్ట్‌కు ముందు ఒక ఉదయం మైదానంలో ఎవరూ లేనప్పుడు నడపండి. ఆ పరుగులు చూశాకే జనం ముందు నడపాలో లేదో నిర్ణయించండి, ఆ నిర్ణయం ముఖ్య అతిథి చేతిలో పెట్టకండి.

నాలుగు_చక్రాలు:
ఉదయం పరుగుకు నాకు అభ్యంతరం లేదు. 20 న్యూటన్లతో నడిపేదాన్ని జెట్ కారని పిలవడానికి మాత్రం ఒప్పుకోను. బ్రేకులు సరిగా పనిచేస్తున్నాయని తేలాక థ్రస్టు 40 న్యూటన్లకు పెంచండి.

కృష్ణలంక_విద్యార్థి:
మైదానం ఉదయం ఆరు గంటలకు ఇవ్వమని ప్రిన్సిపాల్ గారికి ఈ రోజే వినతిపత్రం ఇస్తున్నాము. థ్రస్టు పెంచే విషయం బ్రేకు దూరాలు కొలిచాక ఇక్కడే అడుగుతాము.