బొమ్మలేసే పిల్లని ఇంజనీరింగుకే పంపాలా?

కొట్టు_నాన్న:
మాది నరసరావుపేట. పాప ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. చిన్నప్పట్నుంచీ బొమ్మలేస్తుంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కోచింగ్‌కి డబ్బు కట్టాక ఇప్పుడు డిజైన్ చదువుతానంటోంది. కిరాణా కొట్టు మీద బతికేవాళ్లం. ఆ చదువు కూడు పెడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_లెక్కలు:
ముందు బీటెక్ చేయించండి, బొమ్మలెక్కడికీ పోవు. బాపు గారంతటివారే 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు.

అమ్ములు:
పాప ఏం బొమ్మలేస్తుందండీ?

రేఖ_మాసబ్‌ట్యాంక్:
మాస్టారూ, ఆయన ఆ ఏడాదే ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. ఆ పట్టా కూడు పెట్టిందా, కుంచె పెట్టిందా?
అన్నయ్య గారూ, నేను హైదరాబాదులో జేఎన్ఏఎఫ్ఏయూ అనే కళల యూనివర్సిటీలో నాలుగేళ్లు బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్, అంటే ప్రకటనలకీ పుస్తకాలకీ బొమ్మలేసే డిగ్రీ చదివాను. ఇప్పుడు ఫోన్ యాప్‌లకి తెరలు డిజైన్ చేస్తున్నాను, అదే నా జీతం. పాప డిజైన్ అంటోంది కాబట్టి యూసీడ్ రాయించండి, డిజైన్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష అది. ఐఐటీ బాంబే పెడుతుంది, జనవరిలో ఉంటుంది, ఇంటర్‌లో ఏ గ్రూపైనా రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌లో (డిజైన్ డిగ్రీ) సీట్లు ఆ ర్యాంకుతోనే ఇస్తారు. ఎన్ఐడీ అనే జాతీయ డిజైన్ సంస్థకి వేరే పరీక్ష, రెండు దశలు. మన ఆంధ్రలోనూ ఒక ఎన్ఐడీ ఉంది. ఇవేవీ బొమ్మ అందంగా ఉందా అని మాత్రమే చూడవు. వస్తువుని గమనించే కన్ను ఉందా, చిక్కు విప్పే ఆలోచన ఉందా అని చూస్తాయి.

పాత_లెక్కలు:
పట్టా ఉంది కాబట్టే ఆయన ధైర్యంగా కుంచె పట్టారు. నేననేది అదే.

రేఖ_మాసబ్‌ట్యాంక్:
ధైర్యానికీ లా కాలేజీకీ ఏం సంబంధం? మా అన్నయ్య నాకంటే బాగా గీసేవాడు. ఇంట్లో పట్టుబట్టి ఇంజనీరింగులో వేశారు. నాలుగేళ్ల తర్వాత పెన్సిల్ ముట్టనేలేదు. బొమ్మలెక్కడికీ పోవంటారే, పోతాయి మాస్టారూ.

కుంచె_కొడుకు:
మా నాన్న బోర్డులు రాసేవాడు. ఊళ్లో సగం షాపుల పేర్లు ఆయన చేతివే. ఫ్లెక్సీ మిషన్ వచ్చిన రెండేళ్లకి వాచ్‌మన్‌గా చేరాడు. చేతిలో విద్య లేకనా? మీరంతా చదువు సంగతే మాట్లాడుతున్నారు. పని ఎండిపోతే ఆ ఇంటికి ఎవరు దిక్కు?

పాత_లెక్కలు:
ఇదీ అసలు మాట. హైదరాబాదులో ఫీజు, హాస్టలు, అదీ ఒక ఆడపిల్ల మీద. రేపు పెళ్లికేం చేస్తారు?

రేఖ_మాసబ్‌ట్యాంక్:
మగపిల్లాడైతే ఈ మాట అనేవారా? బీటెక్‌కి మాత్రం హాస్టలు ఫీజుండదా? కొట్టు_నాన్న గారూ, నిజం చెప్పండి, మీ బెంగ బొమ్మల గురించేనా?

కుంచె_కొడుకు:
ఆయన్నెందుకు నిలదీస్తారు? డబ్బు పోతే మీరొచ్చి ఇస్తారా?

కొట్టు_నాన్న:
ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు. పెళ్లికని ఒక స్థలం ఉంచాం. అది కదపాలనే భయం. బయటికి మాత్రం బొమ్మలకి జీతముండదని చెబుతున్నాను.
మొదట్లో ఒకామె ఏం బొమ్మలేస్తుందని అడిగారు. నాకే తెలీదు, రాత్రి పుస్తకం చూపించమన్నాను. దేవుళ్లూ పువ్వులూ అనుకున్నా. పది పేజీల నిండా మా కొట్టే. బియ్యం బస్తా వంగకుండా దించుకునే బల్ల మూడు రకాలుగా గీసింది. నాకు నడుం నొప్పని ఎప్పుడు గమనించిందో.

అమ్ములు:
ఆ పుస్తకం జాగ్రత్త చేయండి.

పాత_లెక్కలు:
ఎంసెట్ కూడా రాయించండి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కొట్టు_నాన్న:
రెండూ రాస్తానంది మాస్టారూ. యూసీడ్ దరఖాస్తు ఎలా నింపాలో రేఖ గారు కాస్త చెప్పండి. స్థలం సంగతి వాళ్లమ్మతో ఇంకా మాట్లాడలేదు.