డీఏపీ అర బస్తాకు తగ్గించమన్నారు, నా మడిలో పరీక్షించేది ఎలా?

ఎడమ కాలువ కౌలు రైతు:
మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాను. మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువగా ఉందని వచ్చింది. పరిశోధన స్థానం సిఫారసు ప్రకారం, వరికి ఎకరాకు అర బస్తా డీఏపీ (భాస్వరం ఎరువు) చాలన్నారు. ఇన్నేళ్లూ రెండు బస్తాలు వేశాను, ఒకటి దమ్ములో, ఒకటి నాటిన ఇరవై రోజులకు. పరిశోధన స్థానం నేల వేరు, మా నేల వేరు. దిగుబడి పడిపోతే కౌలు ఎక్కడి నుంచి తెచ్చి కట్టను? మా నాన్న అయితే "భూమికి పెట్టింది ఎక్కడికీ పోదు" అంటారు.

విశ్రాంత వ్యవసాయాధికారి:
బాబూ, భాస్వరం విషయంలో మీ నాన్నగారి మాట చాలావరకు నిజం. యూరియాలోని నత్రజని నీటితో పోతుంది, గాలిలో కలుస్తుంది. భాస్వరం మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. ఏటేటా మీరు వేసినదే ఇప్పుడు పరీక్షలో కనిపించింది. అది మితిమీరితే పైరుకు జింకు సరిగా అందదు. ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చాయా, చూసుకోండి. ఇక రెండో దఫాగా పైపాటుకు డీఏపీ వేయడం సాధారణంగా దండగే, భాస్వరమంతా దమ్ములోనే పడాలి.

నాలుగెకరాలూ ఒకేసారి మార్చవద్దు. ఆరు చిన్న మళ్లు తీసుకోండి, మూడింటిలో పాత పద్ధతి, మూడింటిలో అర బస్తా. ఏ మడికి ఏదో చీటీలు వేసి తేల్చండి. చాలామంది మరిచేది ఒకటుంది: డీఏపీలో నత్రజని కూడా ఉంటుంది. ఒకటిన్నర బస్తా తగ్గిస్తే 13.5 కిలోల నత్రజని తగ్గుతుంది, అంటే ఎకరాకు దాదాపు 29 కిలోల యూరియా. దాన్ని కలపకపోతే పైరు పాలిపోతుంది, నింద భాస్వరం మీద పడుతుంది.

కోదాడ మహిళా రైతు:
అన్నా, నేను మొదటి ఏడాది ఒక్క మడిలోనే చేశాను. అది తూము పక్క మడి. తగ్గించిన చోటే ఎక్కువ పండిందని ఊరంతా చెప్పాను. మరుసటి ఏడాది మూడు చోట్ల చేస్తే రెండు పద్ధతులకూ తేడా లేదు! ఆ మడికి మొదటి నుంచీ ఒండ్రు బలం ఉంది, అంతే. తేడా లేకపోయినా ఎరువు డబ్బులు మిగిలాయి కదా. మడి నుంచి మడికి నీళ్లు పారనివ్వకండి, ఎరువు కలిసిపోతుంది. మీ లెక్కలు వ్యవసాయ విస్తరణాధికారికి కూడా ఇవ్వండి. మన చేల సంగతి తెలియకపోతే వాళ్ల సిఫారసు మాత్రం ఎలా మారుతుంది?

ఎడమ కాలువ కౌలు రైతు:
యూరియా లెక్క నాకు తట్టనే లేదు, మీ ఇద్దరికీ నమస్కారాలు. గట్లు విడివిడిగా వేసి అరెకరంలో ఆరు మళ్లు చేస్తాను. కోతకు ప్రతి మడి మధ్యలో ఐదు మీటర్ల చదరం కొలిచి, నూర్చి, ఆరబెట్టాక తూకం వేస్తాను. తూకం నాన్న చేతే వేయిస్తాను. ఏ సంచి ఏ మడిదో అంతవరకూ ఆయనకు చెప్పను.