జూనిపర్ ఎండుకొమ్మ: మెషిన్‌తో చెక్కాలా, పీచు లాగాలా?

మిద్దెతోట: బెంగళూరులో మా మిద్దె మీద తొమ్మిదేళ్లుగా ఒక జూనిపర్ (ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు) బోన్సాయ్‌ని పెంచుతున్నాను. బొటనవేలంత లావున్న ఒక కొమ్మ అడ్డంగా ఉంది. దాన్ని కోసి పారేయకుండా జిన్ చేద్దామని ఉంది. అంటే బెరడు ఒలిచి, ఎండుకొమ్మగా ఉంచేయడం. డై గ్రైండర్‌తో, అంటే చేత్తో పట్టుకుని కర్ర చెక్కే కరెంటు మెషిన్‌తో, గంటలో అయిపోతుందని ఒకరు, మెషిన్ ముట్టుకోవద్దని ఇంకొకరు అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

కొండగాలి: ముట్టుకోకండి. జపాన్‌లో ఇతోయిగావా కొండచరియల మీద షింపాకు జూనిపర్లకు ఎండుకొమ్మలు వచ్చింది గాలి వల్ల, మంచు బరువు వల్ల, పడే రాళ్ల వల్ల. విరిగిన కర్ర పీచు వెంబడే చీలుతుంది. గ్రైండర్ పీచును అడ్డంగా కోసేస్తుంది, ఆ గుండ్రటి గాట్లు ఏళ్లు గడిచినా కనబడతాయి. ముందు కొమ్మ మొదట్లో చుట్టూ గాటు పెట్టండి. బెరడు పచ్చిగా ఉండగానే ఒలవండి. కొసను కటింగ్ ప్లేయర్‌తో నలిపి, ఒక్కో పీచునూ పట్టి మొదలు వైపు లాగండి. గాటు దగ్గర ఆగిపోవాలి. నేను ఆగలేదు. చీలిక మాను మీది పచ్చి బెరడులోకి దిగింది. జూనిపర్‌లో ఒక్కో కొమ్మకూ నీరు దాదాపు దాని కిందున్న బతికున్న పట్టీ (బెరడు, దాని లోపలి పచ్చి కర్ర) నుంచే అందుతుంది. ఆ పట్టీ తెగి, పైనున్న పెద్ద కొమ్మ ఎండిపోయింది. ఆ చెట్టును చూస్తే ఇప్పటికీ బాధే.

చేవకర్ర: మీ బాధ అర్థమైంది కానీ, తప్పు మెషిన్‌ది కాదు కదండీ! జపాన్‌లోని సైతామాకు చెందిన మసాహికో కిమురా బోన్సాయ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నదే మెషిన్‌తో చెక్కి. చేతిమణికట్టంత లావు మొద్దును ప్లేయర్‌తో ఎవరు లాగగలరు? అదనపు కర్రను గ్రైండర్‌తో తీసేసి, పైపొరను చేత్తో పీచు లాగి ముగించాలి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

కొండగాలి: మొద్దు విషయంలో ఒప్పుకుంటాను. బొటనవేలంత కొమ్మకు మాత్రం చెయ్యే చాలు.

మిద్దెతోట: ఒలిచిన వెంటనే లైమ్ సల్ఫర్ (ఎండుకర్ర కుళ్లకుండా, తెల్లబడేలా పూసే సున్నం-గంధకం ద్రావణం) పూయొచ్చా?

కొండగాలి: వద్దు, కొన్ని నెలలు ఆరనివ్వండి. తర్వాత కర్రను కాస్త తడిపి, ఎండ కాసే రోజున బ్రష్‌తో పూయండి. మొదట పసుపుగా ఉండి, ఎండకు తెల్లబడుతుంది. మట్టిని కవర్‌తో కప్పండి, వేళ్లకు తగలకూడదు. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది, అందుకే ఆరుబయటే చేయండి. పొరపాటున కూడా యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. రెండు చుక్కలు నల్ల ఇంకు కలిపితే సున్నం కొట్టినట్టు కాకుండా బూడిదరంగులో ఉంటుంది. నాకైతే అదే ఇష్టం.

చేవకర్ర: నాకు తెల్లగానే కావాలి. పచ్చటి ఆకు పక్కన ఆ తెలుపు ఉంటేనే చెట్టు వయసు తెలుస్తుంది.

మిద్దెతోట: రంగు సంగతి ఎండాకాలంలో చూస్తాను. ఈ ఆదివారం గాటు పెట్టి ఒలుస్తాను. గ్రైండర్ తేవడం లేదు.