బ్రౌజర్‌లో నడిచేదా, ఇన్‌స్టాల్ చేసుకునేదా? అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మార్చినవాళ్లు చెప్పండి

చిట్టాపద్దు:
మా ఆఫీసులో ఆరుగురం. పదేళ్లుగా లెక్కలన్నీ ఒకే సిస్టంలో ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలో రాస్తున్నాం. ఆ సిస్టం ముందు ఒకరు కూర్చుంటే, వాళ్లు లేచేదాకా మిగతావాళ్లు ఆగాల్సిందే. ఇప్పుడు మా సార్ వెబ్‌లో నడిచేదానికి మారదాం అంటున్నారు. నెల రోజుల ట్రయల్ తీసుకున్నాం. అమ్మేవాళ్లు చెప్పేది విన్నాను, వాడినవాళ్లు ఏమంటారో తెలుసుకుందామని అడుగుతున్నా.

పాతకీబోర్డు:
నేను మారి రెండేళ్లయింది. మొదటి దెబ్బ వేళ్లకే తగిలింది. పాత ప్యాకేజీలో ఎఫ్5 నొక్కితే పేమెంట్ వోచర్ తెరుచుకునేది. బ్రౌజర్‌లో ఎఫ్5 అంటే పేజీ రీఫ్రెష్! మొదటి వారం సగం నింపిన వోచర్లు ఎన్ని పోగొట్టుకున్నానో లెక్కలేదు, లెక్కలు రాసేవాడినై ఉండి కూడా. ఎఫ్5ని సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు తమకు కావలసినట్టు మార్చుకోవచ్చట. కంట్రోల్ డబ్ల్యూని మాత్రం మామూలు ట్యాబ్‌లో బ్రౌజర్ వదలదు, నొక్కితే ట్యాబే మూసుకుపోతుంది. మౌస్ ముట్టకుండా రోజుకు రెండు వందల ఎంట్రీలు కొట్టే చేతికి ఇది చిన్న విషయం కాదండీ.

సపోర్ట్‌డెస్క్:
నేను అవతలి వైపు మనిషిని. నలభై సిస్టంలు చూసుకునేవాణ్ని. కొత్త వెర్షన్ వచ్చిందంటే శనివారం సాయంత్రం ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి కూర్చోవాలి. ఒకచోట డిస్క్ నిండిపోయి ఉంటుంది, ఇంకోచోట అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. సోమవారం పొద్దున చూస్తే ముప్పై ఏడు కొత్త వెర్షన్‌లో, మూడు పాతదాంట్లో. కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. వెబ్‌కి మారాక నా శనివారాలు నాకు దక్కాయి.

అయితే అప్‌డేట్ ఎప్పుడు రావాలన్నది ఇప్పుడు మన చేతిలో లేదు. ఒకసారి సరిగ్గా నెలాఖరు క్లోజింగ్ రోజున సేవ్ బటన్ కుడివైపు నుంచి ఎడమవైపుకు వెళ్లింది. ఆ రోజు నాకొచ్చిన ఫోన్లు అన్నీ ఇన్నీ కావు.

రాత్రికోడర్:
వెబ్ నెమ్మది అన్నమాట ఒకప్పుడు నిజమే. ప్రతి క్లిక్‌కీ పేజీ మొత్తం మళ్లీ లోడయ్యేది. పేజీ కదలకుండా వెనక నుంచి డేటా తెచ్చుకునే వీలు 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తోనే వచ్చింది. దాని సత్తా ఏంటో జనానికి తెలిసింది మాత్రం 2004లో జీమెయిల్, ఆ మరుసటేడు గూగుల్ మ్యాప్స్ వచ్చాక. 2017కల్లా పెద్ద బ్రౌజర్లన్నిట్లో వెబ్‌అసెంబ్లీ అనే సదుపాయం చేరింది. సీ ప్లస్ ప్లస్ భాషలో రాసిన బరువైన కోడ్ కూడా ఇప్పుడు బ్రౌజర్‌లో చురుగ్గా నడుస్తుంది. డిజైన్లు గీసే ఫిగ్మా నడిచేది అలాగే.

ఇటు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ అనుకునేవాటిలో చాలా వరకు లోపల వెబ్బే. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్, చాటింగ్‌కి వాడే స్లాక్, డిస్కార్డ్ మూడూ ఎలక్ట్రాన్ మీద, అంటే వెబ్ కోడ్‌ని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌గా నడిపించే చట్రం మీద కట్టినవి. ఒక్కోదాని కడుపులో ఒక్కో క్రోమియం బ్రౌజర్, క్రోమ్‌కి మూలమైనదే. ర్యామ్ ఎటు పోతోందని అడిగేవాళ్లకు జవాబు దొరికినట్టే. మీ డేటా ఎవరి డిస్క్‌లో ఉంటుందో అది అడగండి ముందు.

షీట్లపిచ్చి:
పెద్ద డేటా అయితే నా ఓటు ఇంకా ఇన్‌స్టాల్ చేసేదానికే. ఎక్సెల్‌లో ఒక షీట్‌కు 10,48,576 వరుసలు. గూగుల్ షీట్స్‌లో ఫైలు మొత్తానికి 1 కోటి సెల్స్, అంటే 20 కాలమ్స్ ఉన్న షీట్ 5 లక్షల వరుసలకే నిండిపోతుంది. అంతదాకా పోకముందే ట్యాబ్ ఆయాసపడుతుంది లెండి. నలుగురం కలిసి రాసే షీట్ మాత్రం వెబ్‌లోనే ఉంచుతా. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఇదే అసలు ఫైనల్' అంటూ మెయిళ్లలో తిరిగిన రోజులు చాలు.

చిట్టాపద్దు:
మరి నెట్ పోతే? మా సార్‌కి చెప్పలేదు గానీ నా టెన్షన్ అంతా అదే.

పాతకీబోర్డు:
మా దగ్గరైతే అందరం లేచి టీకి వెళ్తాం.

రాత్రికోడర్:
అది కట్టినవాళ్ల ఓపికను బట్టి ఉంటుంది. నెట్ లేకపోయినా పేజీ తెరుచుకునేలా, ఎంట్రీలను బ్రౌజర్‌లోనే దాచి నెట్ వచ్చాక పంపేలా చేయొచ్చు. చాలామంది ఆ జోలికి పోరు. నెట్ లేనప్పుడు ఇద్దరు ఒకే వోచర్‌ని దిద్దితే, ఎవరిది నిలవాలన్న తగువు తీర్చడం కష్టం మరి. ట్రయల్‌లోనే ఉన్నారుగా, ఒక ఎంట్రీ మధ్యలో వైఫై ఆపి చూడండి.

సీడీపెట్టె:
నాకు రెండు వైపులా దెబ్బలు తగిలాయి. ఒక వెబ్ నోట్స్ సర్వీసును నెల గడువిచ్చి మూసేశారు. ఇక ఈ గొడవ వద్దని డబ్బు పెట్టి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కొన్నా. కొన్నేళ్లకు సిస్టం మార్చి మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోతే యాక్టివేషన్ సర్వరే లేదు! సీడీ ఉంది, కీ ఉంది, లోపలికి మాత్రం పోనివ్వదు. కాకపోతే ఈసారి ఫైళ్లు నా డిస్క్‌లోనే ఉన్నాయి కాబట్టి వేరేదాంతో తెరిచి బయటపడ్డా. అప్పటినుంచి ఏది తీసుకున్నా మొదటి రోజే ఎక్స్‌పోర్ట్ కొట్టి, వచ్చిన ఫైలు తెరిచి చూస్తున్నా. బటన్ ఉంటే చాలదు, తెరిచి చూడాలి.

చిట్టాపద్దు:
రెండూ చేశానండీ. వైఫై ఆపి సేవ్ కొడితే చక్రం తిరుగుతూనే ఉంది. నెట్ వచ్చాక అదే ఎంట్రీ రెండుసార్లు పడింది. ఎక్స్‌పోర్ట్‌లో తేదీలు, మొత్తాలు సరిగ్గానే వచ్చాయి గానీ నేరేషన్ కాలమ్ అసలు లేదు. నేరేషన్ లేకపోతే ఏ చెక్కు ఎందుకిచ్చామో మాకే తెలీదు. వాళ్లకు మెయిల్ పెట్టా. జవాబు వచ్చేదాకా పాతదాంట్లోనే రాస్తాం.

సపోర్ట్‌డెస్క్:
పాతదాని బ్యాకప్ చివరిసారి ఎప్పుడు తీశారు?

చిట్టాపద్దు:
పోయినేడాది. అదీ అదే సిస్టంలో ఇంకో ఫోల్డర్‌లో ఉంది. ఉండండి, పెన్‌డ్రైవ్ వెతుకుతున్నా.