బత్తాయి ఆకుల తెగులును గుర్తించే మోడల్‌కు గ్రాఫిక్స్ కార్డు అవసరమా?

ప్రశ్న (విద్యార్థి, నల్గొండ):
బత్తాయి తోటల్లో తీసిన ఫొటోలతో, తెగులు సోకిన ఆకును గుర్తించే మోడల్‌కు (ఫొటోల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌కు) శిక్షణ ఇస్తున్నాను. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద ఒక్కో విడతకు రాత్రంతా పడుతోంది. గ్రాఫిక్స్ కార్డు కొనమని సీనియర్లు అంటున్నారు. తెర మీద బొమ్మలు చూపడానికి పుట్టిన చిప్ ఈ పనికి ఎలా పనికొస్తుందో దయచేసి వివరించగలరు.

జవాబు (మహబూబ్‌నగర్):
రెండు పనుల్లోనూ లెక్క స్వభావం ఒక్కటే. 1920 × 1080 తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకు 60 సార్లు తెర మారాలంటే 12 కోట్లకు పైగా చుక్కల రంగులు తేల్చాలి. ఒక చుక్క రంగు తేలేదాకా పక్క చుక్క ఆగనక్కరలేదు కాబట్టి, ఆ చిప్‌లో చిన్న చిన్న లెక్క యూనిట్లను వేల సంఖ్యలో పేర్చారు. ఎన్విడియా కంపెనీ కార్డు ఆర్‌టీఎక్స్ 3060లో అవి 3,584. ఎన్విడియా చిప్‌లలో 32 థ్రెడ్లు (ఒక్కో లెక్కను నడిపే ఆదేశాల వరుసలు) ఒక జట్టుగా, వరుసలో నిలబడి నాట్లు వేసే కూలీల్లా, ఒకే ఆదేశాన్ని ఒకేసారి అమలు చేస్తాయి. జట్టులో కొన్ని ఒక షరతు వైపు, మిగిలినవి మరో షరతు వైపు వెళితే మాత్రం రెండు దారులనూ ఒకదాని తర్వాత ఒకటి నడపవలసి వస్తుంది, వేగం పడిపోతుంది. అడుగడుగునా షరతులు మారే పనికి మామూలు ప్రాసెసరే మేలు.

మీ మోడల్ శిక్షణలో జరిగేది ప్రధానంగా సంఖ్యల పట్టికల గుణకారం, కూడిక. 2007లో ఎన్విడియా ప్రోగ్రామింగ్ సాధనం క్యూడా విడుదలయ్యాక ఇలాంటి లెక్కలను గ్రాఫిక్స్ చిప్‌తో చేయించడం సులువైంది. ఫొటోల్లో ఏముందో గుర్తించే 2012 ఇమేజ్‌నెట్ పోటీలో గెలిచిన అలెక్స్‌నెట్ మోడల్‌కు రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీదే శిక్షణ ఇచ్చారు. అవి ఆటల కోసం అమ్మిన కార్డులే.

జవాబు (మిర్యాలగూడ):
పై వివరణతో ఏకీభవిస్తూ ఒక మాట చేర్చుతాను: కొనేటప్పుడు కోర్ల (లెక్క యూనిట్ల) సంఖ్యకన్నా ముందు కార్డు మెమరీ చూడండి. మోడల్, దాని మధ్యంతర ఫలితాలు, ఒకేసారి పంపే ఫొటోల గుంపు అన్నీ అందులో పట్టకపోతే శిక్షణ మొదలే కాదు. అలెక్స్‌నెట్‌ను రెండు కార్డులకు పంచడానికి కారణం కూడా ఒక్కోదానిలో 3 జీబీయే ఉండడం.

జవాబు (సూర్యాపేట):
డబ్బు పెట్టే ముందు ఆలస్యం ఎక్కడుందో కొలవండి. ఫోన్‌లో తీసిన పెద్ద ఫొటోలను ప్రతి విడతలోనూ డిస్క్ నుంచి చదివి, విప్పి, కుదించే పని సాధారణంగా ప్రాసెసర్ మీదే పడుతుంది. అక్కడే సమయం పోతుంటే ఎంత ఖరీదైన కార్డైనా ఖాళీగా ఎదురుచూస్తుంది. ముందుగానే ఫొటోలన్నిటినీ 224 × 224 చుక్కల పరిమాణానికి కుదించి భద్రపరచి, ఇంటర్నెట్ ద్వారా ప్రోగ్రాములు నడిపే గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద ఒకసారి నడిపి చూసి, ఆ తర్వాతే కొనుగోలు నిర్ణయం తీసుకోండి.