ఎయిర్ ఫ్రయర్‌లో స్టఫ్డ్ మిర్చి: పైన కరకరలాడాలి, లోపల చీజ్ కారకూడదు, ఎలా చేస్తున్నారు?

వేడివేడి_ప్లేటు
అందరికీ నమస్కారమండి. నాలుగు సార్లు చేశాను, నాలుగు సార్లూ అదే తంతు. లావు మిరపకాయల్ని నిలువుగా రెండు చెక్కలు చేసి, గింజలు తీసేసి, క్రీమ్ చీజ్‌లో చెడ్డార్ తురుము కలిపి కూరి, మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి వరుసగా అద్ది, 200 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు పెట్టాను. తీసి చూస్తే బ్రెడ్ పొడి ఒకచోట మాడింది, ఒకచోట పచ్చిపిండిలా తెల్లగా ఉండిపోయింది, చీజ్ సగానికి సగం బుట్ట అడుగున చేరింది, మిర్చేమో ఉడకబెట్టినట్టు మెత్తబడిపోయింది. వచ్చే ఆదివారం ఇంటికి పదిమంది వస్తున్నారు, భోజనానికి ముందు ఇవే పెడతానని మాట ఇచ్చేశాను, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. రెసిపీ లింకులు పెట్టకండి, అవి చాలా చూశాను. మీరు చేసినప్పుడు ఏం జరిగింది, ఏం మారిస్తే కుదిరింది, అది చెప్పండి.

శనివారం_వంట
మీ సమస్యలు నాలుగులా కనిపిస్తున్నాయి గానీ నాకు తెలిసి అన్నిటికీ మూలం నీళ్లే. మిరపకాయలో 90 శాతం దాకా నీరే ఉంటుంది. ఎయిర్ ఫ్రయర్ అంటే పైన హీటర్, దాని వెనక ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్ అంతే, నూనె మూకుడు చేసే పని అది చెయ్యదు. మరిగే నూనెలో వేస్తే పై పొర క్షణాల్లో గట్టిపడి ఆగిపోతుంది, ఇక్కడ వేడిగాలి తగిలి మెల్లగా ఆరాలి. పై పొర తడిగా ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు, రంగు రావాలంటే 140 దాకా పోవాలి. లోపల్నించి మిర్చి నీళ్లు వదులుతూ ఉంటే బ్రెడ్ పొడి ఎప్పటికి ఆరుతుంది చెప్పండి? అందుకే మీది ఒకచోట మాడి ఒకచోట తెల్లగా ఉంది, ఆరిన చోటు మాడింది, తడి ఉన్న చోటు ఉడికింది.

నేను చేసేది: చెక్కలు చేశాక లోపలి వైపు చిటికెడు ఉప్పు రాసి, పావుగంట బోర్లించి పెడతాను. నీరు ఊరుతుంది. దాన్ని పొడిగుడ్డతో లోపలా బయటా గట్టిగా అద్ది తుడిచి అప్పుడు కూరతాను. ఉప్పు ముందే పడింది కాబట్టి స్టఫింగ్‌లో ఉప్పు తగ్గించాలి, ఇది మర్చిపోవద్దు, చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది.

కరకరలు
శనివారం_వంట గారితో ఏకీభవిస్తాను, కానీ నా అనుభవంలో అంతకన్నా పెద్ద తేడా తెచ్చింది బ్రెడ్ పొడిని ముందే వేయించుకోవడం. ఒక కప్పు పాంకోకి (ముతకగా ఉండే జపనీస్ బ్రెడ్ పొడి) రెండు చెంచాల నూనె లేదా కరిగించిన వెన్న వేసి, ప్రతి పలుకుకీ పట్టేలా చేత్తో కలిపి, పెనం మీద సన్నసెగన లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. నాలుగైదు నిమిషాలు చాలు, ఆపకుండా కలపాలి. చల్లారాక వాడండి. ఇలా చేస్తే మెషిన్ రంగు తెప్పించాల్సిన పనే లేదు, చీజ్ వేడెక్కి మిర్చి కాస్త మగ్గితే అయిపోయింది, 190 దగ్గర 8 నిమిషాల్లో తీసెయ్యొచ్చు. ఎక్కువసేపు ఉంచితేనే కదా చీజ్ కారేది.

పాంకో దొరక్కపోతే పాత బ్రెడ్ అంచులు తీసేసి ముతకగా పొడిచేసి ఎండనివ్వండి. మెత్తటి పొడి మాత్రం వాడకండి, అది ముద్దలా అంటుకుని గట్టి పెంకులా అవుతుంది గానీ కరకరలాడదు.

నూనె_తక్కువ
వేయించడం ఎందుకండి, పైన నూనె స్ప్రే చేస్తే సరిపోతుంది కదా? నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. అడ్డం తిప్పి రెండు వైపులా కొడతాను, పొడి ఎక్కడా తెల్లగా కనిపించకూడదు, అదే లెక్క.

ఒక్క జాగ్రత్త. డబ్బాలో గ్యాస్‌తో నింపి అమ్మే స్ప్రేలు వద్దు. వాటిలో లెసిథిన్ లాంటివి కలుపుతారు, అది నాన్‌స్టిక్ పూత మీద జిగటగా పేరుకుని గట్టిపడుతుంది, ఎంత తోమినా రాదు. నా మొదటి బుట్ట అలాగే పాడైంది, పూత లేచిపోయి పారేశాను. మామూలు పంపు సీసాలో మామూలు నూనె పోసుకుంటే చాలు.

కరకరలు
@నూనె_తక్కువ గారు, నేనూ ఏడాది పాటు స్ప్రేనే వాడాను. పైన బాగానే వస్తుంది, కానీ చెక్క అంచు, చీజ్ కలిసే మూల ఉంటుంది చూశారా, అక్కడికి స్ప్రే చేరదు. కొరికినప్పుడు ఆ పొడి నోట్లో పిండిలా తగులుతుంది. ఆ ఒక్క కారణంతో మారాను. ఇంట్లో ఇద్దరికి చేసుకుంటే మీ పద్ధతి తేలిక, పదిమందికి నాలుగు వాయిలు వెయ్యాలంటే అన్నీ ఒకేలా రావాలి కాబట్టి వేయించిన పొడే మేలు.

పచ్చిమిర్చి_పిచ్చి
చీజ్ సంగతి ఎవరూ చెప్పలేదు, అది నేను చెబుతాను, ఎందుకంటే నేను దాంతో రెండు నెలలు కుస్తీ పట్టాను.

తక్కువ కొవ్వు క్రీమ్ చీజ్ కొనకండి. అందులో కొవ్వు తగ్గించిన చోట నీరు ఎక్కువ ఉంటుంది, వేడికి పల్చబడి కారిపోతుంది. పూర్తి కొవ్వుదే తీసుకోండి. తురుము చీజ్ కూడా ప్యాకెట్‌లో వచ్చేదానికన్నా గడ్డ తెచ్చి ఇంట్లో తురుముకున్నది నయం. మొజరెల్లా అయితే నీళ్లలో ఊరుతూ వచ్చే తెల్ల బంతులు కాదు, గట్టి రకం. ఇంకొకటి, క్రీమ్ చీజ్‌లో మూడో వంతు పనీర్ చిదిమి కలిపి చూడండి. పనీర్ ఆమ్లంతో విరిచిన పాలతో చేస్తారు కాబట్టి వేడికి కరగదు, మెత్తబడుతుందంతే. అది లోపల కండలా నిలబడి మిగతా చీజ్‌ని పట్టి ఉంచుతుంది. కొత్తిమీర, వెల్లుల్లి, ఉల్లికాడలు ఏం వేసినా నీళ్లు పిండి వెయ్యండి. టమాటా అస్సలు వద్దు.

కూరాక గోపురంలా పైకి లేపకుండా కత్తితో అంచుకి సమంగా గీసెయ్యండి. వేడికి చీజ్ ఉబ్బుతుంది, ఆ ఉబ్బు అంచు దాటితే ఇక కిందికే. కూరినవన్నీ పళ్లెంలో పెట్టి అరగంట ఫ్రీజర్‌లో ఉంచి అప్పుడు పిండి, గుడ్డు, పొడి అద్దండి. చల్లగా గట్టిగా ఉన్న చీజ్ కరగడం మొదలయ్యేలోపే పైన పొర పట్టేస్తుంది. నాకు కారడం ఆగింది ఈ ఫ్రీజర్ పని వల్లే, మిగతావన్నీ దాని తర్వాతే.

ఇద్దరు_పిల్లల_ఇల్లు
మా ఇంట్లో పిల్లలు కారం తినరు, కానీ పెద్దవాళ్లకి కారం కావాలి. ఒకే వాయిలో రెండూ చేసేవాళ్లున్నారా? గింజలు తీసేసినా కొన్ని కాయలు భగ్గుమంటున్నాయి, ఎందుకో అర్థం కావడం లేదు.

పచ్చిమిర్చి_పిచ్చి
కారం గింజల్లో ఉండదండి. గింజలు అతుక్కుని ఉండే తెల్లటి ఈనె ఉంటుంది కదా, కారం పుట్టించే క్యాప్సైసిన్ తయారయ్యేది అందులో. గింజలు దాన్ని తాకుతూ ఉంటాయి కాబట్టి వాటికి అంటుతుంది. మీరు గింజలు దులిపేసి ఈనె వదిలేస్తున్నారేమో చూడండి. చిన్న చెంచా అంచుతో తొడిమ వైపు నుంచి కొన దాకా గీకి పూర్తిగా తీసెయ్యాలి. తొడిమ కింద ఉండే ముద్ద దగ్గర ఎక్కువ మిగిలిపోతుంది.

అయినా కాయకీ కాయకీ తేడా ఉంటుంది. హలపెన్యో అనే మెక్సికన్ మిర్చినే తీసుకోండి, కారం ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో 2,500 నుంచి 8,000 దాకా పలుకుతుంది, అంటే ఒకే సంచిలో ఒకటి ఇంకోదానికి మూడింతల ఘాటు ఉండొచ్చు. పోబ్లానో అనే ఇంకో లావు మెక్సికన్ మిర్చి అయితే 1,000 నుంచి 1,500. క్యాప్సికమ్‌కి సున్నా. పిల్లలకి వేలెడంత ఉండే తియ్యటి చిన్న క్యాప్సికమ్‌లు తీసుకుంటే ఆకారం, సైజు దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకే వాయిలో ఉడుకుతాయి. వాటి పైన తెల్ల నువ్వులు, కారంవాటి పైన నల్ల నువ్వులు చల్లి గుర్తు పెట్టుకోండి, పళ్లెంలో కలిసిపోతే పిల్లల చేతికి ఏది వస్తుందో తెలీదు.

కొత్తగా_కొన్నా
చేతుల సంగతి కూడా రాయండి దయచేసి. నేను ఇరవై కాయలు ఒట్టి చేతులతో గీకాను. రాత్రంతా వేళ్లు మండాయి, మర్నాడు పొద్దున కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోబోయి కన్ను తెరవలేకపోయాను. ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా పోలేదు.

ఇద్దరు_పిల్లల_ఇల్లు
అయ్యో, ఇప్పుడెలా ఉందండి? నీళ్లకి అది కరగదు, నూనెకే కరుగుతుంది. ముందు వంటనూనె రాసి బాగా రుద్ది, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడగండి, రెండు మూడు సార్లు చెయ్యాలి. నోట్లో మంటకి పాలు, పెరుగు పనిచేసేది కూడా అందుకే, పాలలోని ప్రోటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది. ఇకనుంచి గ్లవ్స్ లేకుండా కాయ ముట్టుకోకండి. గీకిన ఈనెలు, గింజలు సింకులో వేడినీళ్లతో తొయ్యకండి, ఆ ఆవిరికి దగ్గు ఆగదు. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యండి.

వేడివేడి_ప్లేటు
ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా సంతోషంగా ఉందండి. రెండు సందేహాలు. ఒకటి, నా పొడి కాయకి అంటుకోవడం లేదు, తిప్పగానే రేకులా ఊడి వస్తోంది. రెండు, మాకు వచ్చేవాళ్లలో ముగ్గురు గుడ్డు తినరు.

శనివారం_వంట
ఊడి రావడానికి కారణం కాయ తోలు. మిర్చి తోలు నున్నగా మైనం పూసినట్టు ఉంటుంది, దాని మీద గుడ్డు జారిపోతుంది. తడి లేకుండా తుడిచి, ముందు కార్న్‌ఫ్లోర్ పల్చగా అద్ది, ఎక్కువైనది దులిపి, అప్పుడు గుడ్డు. మైదా కన్నా కార్న్‌ఫ్లోర్ నాకు బాగా పట్టింది. పొడి అద్దాక అరచేత్తో మెల్లగా నొక్కి, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ తడి పొడిలోకి ఇంకి జిగురు కుదురుతుంది. వెంటనే బుట్టలో వేస్తే ఊడుతుంది.

నిజానికి నేను ఈ మధ్య తోలు వైపు అద్దడమే మానేశాను. చీజ్ ఉన్న వైపు మాత్రమే పొడి మందంగా నొక్కుతాను, తోలు వైపు చేత్తో నూనె రాస్తాను. తోలు మచ్చలు మచ్చలుగా కాలి కమ్మటి వాసన వస్తుంది, తిప్పే పనీ లేదు. కరకర అంతా పైనే ఉంటుంది, కొరికేది కూడా అటే కదా.

నూనె_తక్కువ
గుడ్డు బదులు: రెండు చెంచాల మైదా, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, గరిటె నుంచి నెమ్మదిగా జారేంత నీళ్లు. దీంట్లో ముంచి వెంటనే పొడిలో దొర్లించాలి. ముంచి అలాగే పెట్టేస్తే మాత్రం పిండి గాలికి బుట్ట రంధ్రాల్లోంచి కారి అక్కడే అతుక్కుంటుంది, మూకుడులో ముంచి వేసే పద్ధతి ఇందులో పనికిరాదు. చీజ్ వైపు మాత్రమే అద్దేవాళ్లకి అసలు ఏ జిగురూ అక్కర్లేదు, చీజే పట్టుకుంటుంది. మీ ముగ్గురికీ అలా చెయ్యండి.

చికెన్ ఖీమా లాంటివి కూరాలనుకునేవాళ్లకి ఒక మాట, దాన్ని పూర్తిగా వండి చల్లార్చాకే కూరండి. 8 నిమిషాల్లో పచ్చి మాంసం లోపలిదాకా ఉడుకుతుందని నమ్మకం లేదు, 74 డిగ్రీలు చేరాలి.

కొత్తగా_కొన్నా
చేతులు తగ్గాయండి, థాంక్స్, నూనె నిజంగా పనిచేసింది. నా వైపు నుంచి ఒకటి: బేకింగ్ పేపర్ వేసి ఖాళీ మెషిన్ ముందు వేడి చేశాను, కాగితం ఎగిరి పైన హీటర్‌కి తగిలి అంచు నల్లబడింది. మెషిన్‌ని మూడు నిమిషాలు ఖాళీగా వేడి చెయ్యండి, కాగితం మాత్రం కాయలతో పాటే పెట్టండి. చిల్లులున్న కాగితం అయితే కింద నుంచి గాలి ఆడుతుంది.

వేడివేడి_ప్లేటు
చేసేశానండీ! నిన్ననే అయింది. రాస్తే గానీ మనసు ఆగడం లేదు.

శనివారం రాత్రే గ్లవ్స్ వేసుకుని నలభై చెక్కలు గీకి, ఉప్పు రాసి, తుడిచి, కూరి, అంచుకి సమంగా గీసి పళ్లెంలో పెట్టి ఫ్రిజ్‌లో మూతపెట్టాను. ఆదివారం అరగంట ముందు ఫ్రీజర్‌లోకి మార్చాను. కరకరలు గారి వేయించిన పాంకో, చీజ్ వైపు మాత్రమే. ఒక వాయికి పది, ఒకదానికొకటి తగలకుండా వేలెడు సందు ఉంచి, 190 దగ్గర 9 నిమిషాలు. మొదటి వాయి తీసినప్పుడు గంటె తగిలితే చప్పుడు వచ్చింది, ఆ చప్పుడుకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చీజ్ రెండు చెక్కల్లో మాత్రమే కొంచెం కారింది, అవి కొన దగ్గర కత్తి దిగి చిల్లు పడినవి. మూడో వాయికి మెషిన్ బాగా వేడెక్కి ఉంది కాబట్టి 8 నిమిషాలకే తీశాను, లేకపోతే మాడేవి. అందరూ ఒకేసారి తినలేదు, వాయి వాయికీ చుట్టూ చేరి తిన్నారు, అదే బాగుంది.

ఒకటే సమస్య. తీసినవి పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే పది నిమిషాల్లో అడుగువి మెత్తబడ్డాయి. ఇంకా ఆరు మిగిలాయి, ఫ్రిజ్‌లో ఉన్నాయి, వాటినేం చెయ్యాలి?

కరకరలు
చదివి ఎంత ఆనందమేసిందో! పళ్లెంలో కాదు, తీగల జాలీ మీద ఒకే వరసగా ఆరబెట్టండి, కింద ఆవిరి పోవాలి. మిగిలినవి మైక్రోవేవ్‌లో పెట్టకండి, పొడి స్పాంజిలా అయిపోతుంది. 175 దగ్గర నాలుగు నిమిషాలు మళ్లీ ఎయిర్ ఫ్రయర్‌లోనే. ఈసారి ఎక్కువ చేస్తే వండకముందే, పొడి అద్దినవాటిని పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి తర్వాత సంచిలో వేసి ఫ్రీజర్‌లో దాచుకోండి. కరిగించకుండా నేరుగా 180 దగ్గర 12 నిమిషాలు.

వేడివేడి_ప్లేటు
ఇప్పుడే నాలుగు నిమిషాలు పెట్టి తీశానండి. నిన్నటి అంత కాదు గానీ చప్పుడు వస్తోంది.